దాచుకునే జబ్బు: మలాశయం జారడం, దానికున్న ఆపరేషన్లు



వైద్య సహాయం కోరుతూ వచ్చే దరఖాస్తులో గుండె అనో, కిడ్నీ అనో, కేన్సర్ అనో ఉంటే కమిటీలో ఎవరూ రెండో ప్రశ్న వేయరు. అదే కాగితం మీద "మూలవ్యాధి" అని ఒక్క మాట ఉంటే దాన్ని కింద పెట్టేయడం తేలిక. మొలలకు ఇంత డబ్బు దేనికి అనిపిస్తుంది. కానీ ఆ మాట వెనక ఉన్నది ప్రతిసారీ మొలలే కావు. ఒక్కోసారి అది మలాశయమే జారి బయటకు వచ్చే జబ్బు. రోగి నోరు విప్పి చెప్పలేక, దరఖాస్తు రాసిపెట్టే వారు గుచ్చి అడగలేక, ఇద్దరూ "మూలవ్యాధి"తో సరిపెడతారు. ఈ ఏడాది ఆరోగ్య పాఠానికి మేము ఈ విషయాన్ని ఎంచుకున్నది అందుకే. ఆపరేషన్‌కు డబ్బిచ్చేవారికి ఆ ఆపరేషన్ ఏమిటో, ఎన్ని రకాలో, ఏది ఎవరికి తగుతుందో కొంతైనా తెలియాలి.

మన ఇళ్లలో ఉర్దూలో దీన్ని "కాంచ్ నికల్నా" అంటారు. తెలుగులో ఆసనం జారడం, పేగు జారడం అంటారు. మలాశయం అంటే పెద్దపేగులో చివరి 12 నుంచి 15 సెంటీమీటర్ల భాగం. అది నడుము కింద ఉండే త్రికాస్థి అనే ఎముకకు ముందు భాగాన, కొన్ని పొరల ఆసరాతో నిలబడి ఉంటుంది. కింద నుంచి కటి కండరాలు దాన్ని ఎత్తి పట్టుకుంటాయి. ఈ ఆసరాలు సడలినప్పుడు, కుర్తా చేతిని తిరగేసి లాగినట్టు, మలాశయం తనలోకి తానే మడతపడి మలద్వారం గుండా బయటకు వస్తుంది.

మొదట్లో విరేచనానికి కూర్చున్నప్పుడే వస్తుంది, లేవగానే తనంతట తానే లోపలికి పోతుంది. కొన్నాళ్లకు చేత్తో నెట్టాల్సి వస్తుంది. ఆ తర్వాత దగ్గినా, బరువెత్తినా, ఎక్కువసేపు నిలబడినా వస్తుంది. చివరికి లోపలికి పంపినా నిలవదు. బట్టలకు జిగురు, రక్తం అంటుతుంది. లోపల ఇంకా ఏదో ఉండిపోయినట్టు అనిపించి రోగి మళ్లీ మళ్లీ మరుగుదొడ్డికి వెళ్లి ముక్కుతారు, దానివల్ల ఇంకాస్త జారుతుంది.

వీటన్నిటికంటే ఎక్కువగా మనిషిని కుంగదీసేది మరొకటి ఉంది. మలద్వారం చుట్టూ ఉండే బిగింపు కండరం ఏళ్ల తరబడి సాగి సాగి పట్టు కోల్పోతుంది. గాలినీ, పలుచటి విరేచనాన్నీ, కొందరు గట్టి మలాన్నీ ఆపుకోలేరు. ఈ జబ్బు ఉన్నవారిలో సగం మందికో, అంతకంటే ఎక్కువ మందికో ఈ ఇబ్బంది ఉంటుంది. ఇక వుజూ నిలవదు. మస్జిద్‌కు వెళ్లే మనిషి ఇంట్లోనే ఉండిపోతాడు. స్త్రీలైతే పెళ్లిళ్లకు, మయ్యత్ ఇంటికి, బస్సు ప్రయాణాలకు దూరమవుతారు. ఎందుకు రాలేదని అడిగితే మోకాళ్ల నొప్పులని చెబుతారు.

ఇక్కడ ఒక దీనీ విషయం కూడా చెప్పాలి. ఒక నమాజు వేళ మొత్తంలో వుజూ చేసి ఫర్జ్ చదువుకునేంత వ్యవధి కూడా దొరకనంతగా వుజూ పోతుంటే, అటువంటి వ్యక్తిని హనఫీ ఫిఖ్‌హ్‌లో మాజూర్ అంటారు. ఆయన ప్రతి నమాజు వేళకూ ఒకసారి వుజూ చేసుకుని, ఆ వేళ ముగిసేదాకా ఆ వుజూతోనే చదువుకోవచ్చు. తన పరిస్థితి ఈ కోవలోకి వస్తుందా అని ఎవరికి వారు మన ఇమామ్ సాహెబ్‌ను ఏకాంతంలో అడిగితే చెబుతారు. ఈ సౌలభ్యం తెలియకనే నమాజు మానుకుని లోలోపల కుమిలిపోయే పెద్దలు ఉన్నారు. అయితే ఈ సౌలభ్యం ఉందని వైద్యం మానుకోకూడదు.

మొలలకూ దీనికీ తేడా

మొలలంటే మలద్వారం దగ్గర ఉబ్బిన రక్తనాళాల మెత్తలు. అవి బయటకు వస్తే విడివిడి బుడిపెల్లా ఉంటాయి, వాటి మధ్య గీతలు నడిమి నుంచి అంచుకు పోతాయి. మలాశయం పూర్తిగా జారితే ఒకే ముద్దగా, ఒకదాని చుట్టూ ఒకటి ఉంగరాల్లా ముడతలతో కనిపిస్తుంది. అనుభవమున్న డాక్టరుకు చూడగానే తెలిసిపోతుంది. చిక్కల్లా చూపించకపోవడంలోనే. మన ఊళ్లలో మొలలకు ఒకే సూదితో నయం అని బోర్డులు పెట్టినచోట్ల ఈ రోగులు ఏళ్లు గడిపేస్తారు. మొలలకు వేసే రబ్బరు బ్యాండు గానీ, సూది గానీ పూర్తిగా జారిన మలాశయాన్ని నిలబెట్టలేవు. కాల్చే మందులు పూస్తే పుండు పడి, మలద్వారం ముడుచుకుపోయే ప్రమాదం కూడా ఉంది.

పడుకోబెట్టి పరీక్షిస్తే ఒక్కోసారి ఏమీ కనిపించదు. కూర్చుని ముక్కినప్పుడే బయటపడుతుంది. అందుకే మంచి సర్జన్ రోగిని మరుగుదొడ్డికి పంపి, జారినప్పుడు చూస్తారు. బయటకు వచ్చినప్పుడు ఇంటివారు ఫోన్‌లో తీసిన ఫొటో డాక్టరుకు చూపించినా చాలా ఉపయోగం. స్త్రీలకు లేడీ సర్జన్ దొరికితే మంచిదే. దొరకనప్పుడు అవసరం మేరకు పురుష డాక్టరు పరీక్షించవచ్చని ఉలమాలు చెబుతారు, తోడుగా ఇంటి స్త్రీ గానీ నర్సు గానీ ఉంటే సరి. వయసు 50 దాటినవారికీ, రక్తం పడుతున్నవారికీ పేగులో గడ్డ లేదని తేల్చుకోవడానికి కొలనోస్కోపీ చేస్తారు. కొందరికి ముక్కుతున్నప్పుడు లోపల ఏం జరుగుతోందో చూసే ఎమ్మారై కూడా అవసరపడుతుంది.

ఇది కాన్పుల వల్లే వస్తుందని ఆడవాళ్లలో గట్టి నమ్మకం. 50 ఏళ్లు దాటిన వారిలో పురుషులకంటే స్త్రీలకు ఆరు రెట్లు ఎక్కువగా వస్తుందన్నది నిజమే. కానీ ఈ జబ్బు వచ్చిన స్త్రీలలో దాదాపు మూడో వంతు మంది ఒక్క కాన్పు కూడా లేనివారు. ఏళ్ల తరబడి మలబద్ధకం, ముక్కడం, పుట్టుకతోనే ఆసరా పొరలు వదులుగా ఉండడం, వెన్నుపూస నరాల జబ్బులు, ఆగని దగ్గు, ఇవన్నీ కారణాలే. పడుచు మగవారికీ వస్తుంది. కొందరు స్త్రీలకు గర్భసంచి కూడా దీనితోపాటే జారుతుంది. అప్పుడు స్త్రీల డాక్టరు, సర్జన్ కలిసి ఆలోచించాలి.

చిన్నపిల్లల విషయం వేరు. నాలుగేళ్ల లోపు పిల్లల్లో విరేచనాలు, నులిపురుగులు, పోషకాహార లోపం, మలబద్ధకం, కోరింత దగ్గు వంటి వాటివల్ల ఆసనం జారుతుంది. ఆ మూల కారణాన్ని సరిచేస్తే చాలామంది పిల్లలకు ఆపరేషన్ లేకుండానే తగ్గిపోతుంది. కాబట్టి పిల్లల పేరుతో ఆపరేషన్ దరఖాస్తు వస్తే పిల్లల సర్జన్ అభిప్రాయం చూడకుండా డబ్బు మంజూరు చేయకూడదు.

ఆపరేషన్లు

పెద్దవారిలో పూర్తిగా జారిన మలాశయానికి మందులతో నయం లేదు. ఇసబ్‌గోల్, పీచు పదార్థాలు, కటి కండరాల వ్యాయామం బాధను తగ్గిస్తాయి, అంతే. నిలబెట్టాలంటే ఆపరేషనే. వందకు పైగా పద్ధతులు వైద్య పుస్తకాలకు ఎక్కాయంటే, ఏ ఒక్కటీ అందరికీ సరిపోలేదని అర్థం. అన్నిటినీ రెండు కుప్పలుగా పోయవచ్చు: మలద్వారం వైపు నుంచి చేసేవి, పొట్ట వైపు నుంచి చేసేవి.

కింది నుంచి చేసేవాటికి వెన్నులో మత్తు సూది చాలు. పొట్ట కోయరు. అందుకే బాగా వయసు మళ్లినవారికి, గుండె, ఊపిరితిత్తుల జబ్బులతో పూర్తి మత్తుకు తట్టుకోలేనివారికి వీటివైపే మొగ్గుతారు. పాతవాటిలో ఒకటి 1891లో జర్మన్ సర్జన్ థీర్ష్ చెప్పిన చుట్టుకుట్టు. మలద్వారం చుట్టూ చర్మం కింద వెండి తీగ వేసి బిగించేవారు. మలాశయం లోపల జారుతూనే ఉంటుంది, ద్వారం మాత్రం ఇరుకవుతుంది. తీగ తెగడం, చీము పట్టడం, మలం అడ్డుపడడం మామూలు. పెద్దవారిలో ఇప్పుడు దీన్ని అరుదుగా, మరేదీ చేయలేని స్థితిలోనే వాడతారు.

డెలోర్మ్ అనే ఫ్రెంచి సైనిక సర్జన్ 1900లో చెప్పిన పద్ధతి నేటికీ నడుస్తోంది. బయటకు వచ్చిన భాగం మీది లోపలి పొరను మాత్రం ఒలిచి తీసేసి, కింద ఉన్న కండరాన్ని మడతలు మడతలుగా కుట్టి లోపలికి పంపుతారు. పేగును కోసి అతికే పని లేదు. జారిన భాగం కొద్దిగా ఉన్నవారికి ఇది బాగుంటుంది. జారినది ఎక్కువగా ఉంటే ఆల్టెమెయర్ పద్ధతి చేస్తారు. అమెరికాలోని సిన్సినాటిలో ఈ సర్జన్ దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. ఇందులో జారిన పేగును కింది నుంచే కోసి తీసేసి, మిగిలిన పేగును మలద్వారం దగ్గర అతికిస్తారు. ఆ అతుకు ఊడితే ప్రమాదం, అయితే అటువంటివి తక్కువే. జారిన పేగు బిగుసుకుపోయి నల్లబడినప్పుడు ప్రాణం కాపాడేది కూడా ఈ ఆపరేషనే.

పొట్ట వైపు నుంచి చేసేదాన్ని రెక్టోపెక్సీ అంటారు. మలాశయాన్ని పైకి లాగి త్రికాస్థికి కట్టేయడం అన్నమాట. కుట్లతో కట్టవచ్చు, మెష్ అనే వలగుడ్డతో కట్టవచ్చు. పొట్ట కోసి చేయవచ్చు, చిన్న రంధ్రాల గుండా లాపరోస్కోపీతోనూ చేయవచ్చు. లాపరోస్కోపీలో నొప్పి తక్కువ, ఇంటికి త్వరగా వెళ్తారు, జబ్బు నయం కావడంలో పెద్ద తేడా లేదు. ఈ మాట దాతలు గుర్తుంచుకోవాలి. లాపరోస్కోపీ లేని ఆసుపత్రిలో పొట్ట కోసి కుట్లతో చక్కగా చేసిన రెక్టోపెక్సీ తక్కువ రకం వైద్యమేమీ కాదు.

ఇందులో ఒక చిక్కుంది. మలాశయాన్ని వెనక నుంచీ పక్కల నుంచీ విడదీస్తే అక్కడి నరాలు దెబ్బతిని, ఆపరేషన్ తర్వాత మలబద్ధకం మొదలవడం లేదా ముదరడం జరుగుతుంది. పక్కల పట్టీలను కోస్తే మళ్లీ జారే అవకాశం తగ్గుతుంది, మలబద్ధకం పెరుగుతుంది. కోయకపోతే అటుది ఇటు. పడుచు మగవారిలోనైతే అదే చోటి నరాలు దెబ్బతింటే దాంపత్య జీవితానికి ఇబ్బంది రావచ్చు. ఇది అరుదే అయినా సర్జన్ ముందే చెప్పాలి, రోగి ముందే అడగాలి. మన వాళ్లు ఈ ప్రశ్న అడగరు. పెళ్లికావాల్సిన కుర్రవాడికి ఆపరేషన్ అయితే అతని తరఫున తండ్రో అన్నో అడగడంలో తప్పేమీ లేదు.

ఈ చిక్కు తప్పించడానికి బెల్జియంలోని లూవెన్‌లో ద్‌హోర్ అనే సర్జన్ బృందం ఒక పద్ధతి రూపొందించి, 2004లో ఫలితాలు ప్రచురించింది. మలాశయానికి ముందు వైపు మాత్రమే విడదీసి, ఒక మెష్ పట్టీని అక్కడ కుట్టి, దాని రెండో కొసను త్రికాస్థి పైభాగానికి బిగిస్తారు. వెనక నరాల జోలికి పోరు. మలబద్ధకం తక్కువ. గర్భసంచి వైపు సడలింపు కూడా ఉంటే అదీ కొంత సర్దుకుంటుంది. అయితే మెష్ శరీరంలో ఉండిపోయే వస్తువు. వందలో ఒకరిద్దరికి అది పేగులోకో యోనిలోకో ఒరుసుకుని బయటపడుతుంది. ఇది చేతికి బాగా అలవాటైన సర్జన్ చేయవలసిన పని. ఖరీదైన ఆపరేషన్ కాబట్టి మంచిది అనుకోకుండా, ఇలాంటివి ఎన్ని చేశారని సర్జన్‌ను అడగడం ధర గురించి బేరమాడడం కంటే మేలు.

మలబద్ధకం బాగా ఉండి, మలాశయానికి పైనుండే సిగ్మాయిడ్ పేగు మరీ పొడవుగా వేలాడుతుంటే ఆ ముక్కను తీసేసి మిగిలినదాన్ని కట్టే పద్ధతి కూడా ఉంది. మలం ఆపుకోలేనివారికి ఇది చేస్తే విరేచనం ఇంకా పలచబడి కష్టం పెరగవచ్చు, అందుకని వారికి వద్దంటారు.

మరి వీటిలో ఏది మేలు? బ్రిటన్‌లో ఇదే ప్రశ్నతో ప్రాస్పర్ అనే పెద్ద పరిశోధన నడిచింది. 293 మంది రోగులతో చేసి, 2013లో ప్రచురించారు. ఆల్టెమెయర్ చేసినవారిలో 24 శాతం మందికి, డెలోర్మ్ చేసినవారిలో 31 శాతం మందికి మళ్లీ జారింది. పేగు ముక్క తీసి కట్టినవారిలో 13 శాతం, కుట్లతో కట్టినవారిలో 26 శాతం. అంకెల్లో తేడా కనబడుతున్నా, లెక్కల ప్రకారం ఒకటి గెలిచిందని చెప్పేంత తేడా కాదది. అనుకున్నంతమంది రోగులు చేరలేదు కూడా, కాబట్టి అదే ఆఖరి మాట కాదు. అయితే మా దృష్టిలో ఆ పరిశోధనలో ముఖ్యమైన మాట వేరే ఉంది: ఏ ఆపరేషన్ చేసినా రోగుల జీవితం ముందుకంటే చాలా మెరుగైంది. ఏ పద్ధతి అని నెలల తరబడి తేల్చుకోలేక కూర్చోవడం కంటే, రోగి వయసుకు, ఒంటికి, మలబద్ధకమా ఆపుకోలేకపోవడమా అనేదానికి తగినదాన్ని ఒక మంచి చేతిలో చేయించడమే ముఖ్యం. 80 ఏళ్ల గుండె జబ్బు దాదీమాకు డెలోర్మ్ సరైన ఆపరేషన్ కావచ్చు. 45 ఏళ్ల ఆరోగ్యవంతురాలికి పొట్ట వైపు నుంచి చేయడమే తగినది కావచ్చు. ఇద్దరికీ ఒకే ధర, ఒకే ఆపరేషన్ అని రాసిన కొటేషన్ వస్తే అడగవలసిందే.

వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన సందర్భం ఒకటుంది. జారినది లోపలికి వెళ్లకుండా వాచిపోయి, ఊదారంగుకో నలుపుకో తిరిగితే గంటల్లో పని. రోగిని పడుకోబెట్టి, తడిపిన శుభ్రమైన గుడ్డ కప్పి తీసుకెళ్లాలి. పేగు ఇంకా బతికి ఉంటే అక్కడి డాక్టర్లు కొన్నిసార్లు దాని మీద మామూలు పంచదార చల్లుతారు. పంచదార వాపులోని నీటిని లాగేస్తుంది, ముద్ద చిన్నదై లోపలికి పోతుంది. చూసినవారు ఇదేం వైద్యమని కంగారుపడనక్కర్లేదు, ఇంట్లో మాత్రం చేయవద్దు.

ఆపరేషన్ తర్వాత

ఆపరేషన్‌తో ముద్ద వెంటనే పోతుంది. బిగింపు కండరం పట్టు మాత్రం నెలల మీద వస్తుంది, కొందరికి ఏడాది పడుతుంది, అందరికీ పూర్తిగా రాదు. ఈ మాట ముందే చెప్పకపోతే, డబ్బు పెట్టినా బాగవలేదని ఇంట్లో గొడవలవుతాయి. సుమారు ఆరు వారాలు నీళ్ల బిందెలు, బియ్యం మూటలు, పిల్లలను ఎత్తకూడదు. ముక్కకూడదు. ఇసబ్‌గోల్, నీళ్లు, ఆకుకూరలు మందులంత ముఖ్యం. కమోడ్ ఉన్న ఇంట్లో కాళ్ల కింద చిన్న పీట వేసుకుంటే ముక్కే పని తగ్గుతుంది. ఫోన్ పట్టుకుని అరగంట కూర్చోవడం మానాలి.

రుకూ, సజ్దా ఎప్పటి నుంచి మొదలుపెట్టాలో సర్జన్‌ను అడగాలి. అంతవరకు కుర్చీ మీద, సైగలతో నమాజు చదివే వీలు ఉంది. రంజాన్ దగ్గర్లో ఆపరేషన్ అయితే రోజాలు తర్వాత కజా చేసుకోవచ్చు. పగలంతా నీళ్లు లేకుండా, ఇఫ్తార్‌లో సమోసాలు, మిర్చి బజ్జీలతో ఉంటే మలం గట్టిపడి కుట్ల మీద భారం పడుతుంది.

ఇక డబ్బు సంగతి. ముందుగా రోగికి ఆరోగ్యశ్రీ గానీ, ఎన్టీఆర్ వైద్యసేవ గానీ వర్తిస్తుందేమో, ఏ పద్ధతికి వర్తిస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగాలి. ఉస్మానియా, నిమ్స్ వంటి పెద్ద ఆసుపత్రుల్లో పేగుల ఆపరేషన్లకు ప్రత్యేక విభాగాలే ఉన్నాయి. అక్కడ ఆపరేషన్‌కు కాకపోయినా, తోడుండే మనిషి భోజనానికి, రానుపోను ఖర్చుకు, పని మానుకున్న రోజులకు సాయం కావాలి. మెష్, మందులు బయట కొనాల్సి వస్తే అదీ ఉంటుంది. రోజుకూలీ మీద బతికే ఇంటికి ఆరు వారాలు బరువెత్తవద్దు అనడమంటే ఆరు వారాల తిండి లేదనడమే. ఆపరేషన్ బిల్లు ఒక్కటే కట్టి వచ్చేస్తే ఆమె మూడో వారంలో మళ్లీ మూటలు మోస్తుంది.

జకాత్ సొమ్ము విషయంలో హనఫీ మస్లక్ ప్రకారం అర్హుడైన రోగికి అది సొంతం కావాలి, అంటే తమ్లీక్ జరగాలి. అందుకని జకాత్ నుంచి ఇచ్చేది రోగి చేతికిచ్చి, లేదా రోగి అనుమతితో రోగి తరఫున ఆసుపత్రికి చెల్లించడం సరైన పద్ధతి. తోడువచ్చినవారి వసతి, మంచాలు, పరికరాల వంటి వాటికి సదఖా, అతియా నిధుల నుంచే ఇవ్వాలి. దాతలు చెక్కు వెనక లేదా రసీదు పుస్తకంలో ఏ నిధికి ఇస్తున్నారో రాస్తే మాకు సులువు.

దరఖాస్తు రాయించుకునే కార్యకర్తలకు ఒక మనవి. స్త్రీల దరఖాస్తులను స్త్రీలే, గది తలుపు వేసి రాసుకోవాలి. జబ్బు పేరు డాక్టరు చీటీలో ఉన్నది ఉన్నట్టు ఎక్కించాలి. "బయటకు ఏమైనా వస్తుందా అమ్మీ, చేత్తో నెట్టుకుంటున్నావా" అని ఒక్కసారి మెల్లగా అడిగి చూడండి. ఆ కాగితం సమావేశంలో చదివేటప్పుడు పేరు చదవవద్దు, నంబరు చాలు.